ఎస్‌ఓడీ2 జీనోటైప్‌కీ రక్తంలో ఎస్‌ఓడీ రీడింగ్‌కీ పొంతన కుదరట్లేదు: షుగర్ కిడ్నీ జబ్బు ప్రాజెక్టు

నీలగిరి_ఎమ్మెస్సీ (నల్లగొండ), ప్రశ్న:

అందరికీ నమస్కారం. నల్లగొండ, దేవరకొండ, మునుగోడు వైపు నుంచి వచ్చే షుగర్ పేషెంట్ల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు నడుస్తోంది. టైప్ 2 షుగర్‌తో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు 60 మంది, పోల్చడానికి షుగర్ లేని కంట్రోల్స్ 60 మంది. యాంటీఆక్సిడెంట్ ఎంజైముల (సూపర్ ఆక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మార్చే ఎస్‌ఓడీ, ఆ పెరాక్సైడ్‌ను తీసేసే క్యాటలేజ్, జీపీఎక్స్) జన్యువుల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలకు ఈ జబ్బుతో సంబంధం ఉందా అన్నది ప్రశ్న. చూస్తున్న తేడాలు మూడు (జన్యువులో ఒక్కో రకాన్ని అల్లీల్ అంటాం, ఒక మనిషికి ఉన్న రెండు అల్లీళ్ల జతే జీనోటైప్).

ఎస్‌ఓడీ2లో 16వ స్థానంలో వాలిన్/అలనిన్ (డేటాబేసు నంబరు ఆర్‌ఎస్ 4880): 107 బేస్‌పెయిర్ల (డీఎన్ఏ అక్షర జతల) ముక్కను ఎన్‌గోఎం-4 ఎంజైముతో కట్ చేసి 2 శాతం అగరోజ్ జెల్ మీద నడుపుతున్నాం.
క్యాటలేజ్ ప్రమోటర్‌లో మైనస్ 262 సీ/టీ: 185 ముక్క, ఎస్‌ఎంఏ-1తో 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు.
జీపీఎక్స్1లో 198వ స్థానంలో ప్రోలిన్/ల్యూసిన్.

ఎంజైము కొలతలు: ఈడీటీఏ రక్తంలోంచి ఎర్రకణాలు కడిగి, పగలగొట్టి హీమోలైసేట్ చేసి, పైరోగాలాల్ పద్ధతిలో ఎస్‌ఓడీ, 240 నానోమీటర్ల దగ్గర క్యాటలేజ్. జీపీఎక్స్ మాత్రం ప్లాస్మాలో.

చిక్కులు ఇవీ. ఒకటి, ఎస్‌ఓడీ2లో మూడు జీనోటైపులకూ ఎస్‌ఓడీ యాక్టివిటీ ఒకేలా ఉంది. రెండు, ఎస్‌ఓడీ2 కంట్రోల్స్‌లో వాలిన్/వాలిన్ 27, వాలిన్/అలనిన్ 18, అలనిన్/అలనిన్ 15. అల్లీల్ శాతాలను బట్టి ఏ జీనోటైప్ ఎంతమందికి రావాలో చెప్పే హార్డీ-వైన్‌బర్గ్ లెక్క తప్పుతోంది. మన దగ్గర మేనరికాలు ఎక్కువ కాబట్టి అదే కారణమని రాస్తే సరిపోతుందా? మూడు, క్యాటలేజ్‌లో కట్ కాని టీటీ చాలా మందికి వస్తోంది. నాలుగు, జీపీఎక్స్ కేసుల్లో బాగా తక్కువగా ఉంది, కానీ జీనోటైప్‌తో కలవట్లేదు.

---

బఫీకోట్:

ఒకటో చిక్కు, నాలుగో చిక్కు గురించి చెప్తాను. జెల్ సంగతి ఆ పని రోజూ చేసేవాళ్లు చెప్తే మంచిది.

ఎస్‌ఓడీ2 అంటే మాంగనీస్ ఎస్‌ఓడీ. అది పనిచేసేది మైటోకాండ్రియా లోపల. పెద్ద ఎర్రకణంలో మైటోకాండ్రియానే ఉండదు. మీరు హీమోలైసేట్‌లో కొలిచింది ఎస్‌ఓడీ1, అంటే రాగి-జింకు ఎంజైము. దాని జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంది, ఎస్‌ఓడీ2ది 6వ క్రోమోజోము. ఒక జన్యువు తేడా చూసి వేరే జన్యువు చేసిన ఎంజైమును కొలిస్తే మూడు గుంపులూ ఒకేలా రావాలి. అలాగే వచ్చింది. మీ రీడింగుల్లో తప్పు లేదు, తీసుకున్న కణం వేరు.

ఈ తేడా అసలు ఏం చేస్తుందో చూస్తే ఎక్కడ కొలవాలో తెలిసిపోతుంది. 16వ అమినో ఆమ్లం ఎంజైము పనిచేసే భాగంలో లేదు, దాన్ని మైటోకాండ్రియాలోకి తీసుకెళ్లే ముందుతోకలో ఉంది. లోపలికి చేరాక ఆ తోక తెగిపోతుంది. అలనిన్ ఉంటే తోక హెలిక్స్‌గా చుట్టుకొని లోపలికి సాఫీగా దిగుతుంది. వాలిన్ ఉంటే కొన్ని అణువులు లోపలి పొర దగ్గర ఇరుక్కుంటాయి. 2003లో వచ్చిన ప్రయోగాల్లో అలనిన్ రకం మైటోకాండ్రియా లోపల 30-40 శాతం ఎక్కువ యాక్టివిటీ ఇచ్చింది. అంటే తేడా ఉండేది ఎంజైము వేగంలో కాదు, లోపలికి చేరిన మోతాదులో. మైటోకాండ్రియా ఉన్న కణమే కావాలి: లింఫోసైట్లు, మోనోసైట్లు.

చేసే పద్ధతి: 5 మిల్లీలీటర్ల రక్తం హెపారిన్ ట్యూబులో తీసుకోండి. 4 గంటల లోపల పని మొదలుపెట్టాలి. సమానంగా పీబీఎస్ (ఉప్పు బఫర్) కలిపి, 1.077 సాంద్రత ఉన్న ఫైకాల్ మీద మెల్లగా పోసి 400 జీ దగ్గర 30 నిమిషాలు, బ్రేక్ ఆపేసి. సెంట్రిఫ్యూజ్ 18-20 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఎండాకాలం గదిలో ఏసీ లేకుండా నడిపితే ఎర్రకణాలు గుత్తులు కట్టి, వాటిలో లింఫోసైట్లు చిక్కుకొని కిందికి పోతాయి, దిగుబడి పడిపోతుంది. మధ్యలో తెల్ల పొర తీసి, రెండుసార్లు 200 జీ దగ్గర కడగండి. ఎక్కువ వేగంతో కడిగితే ప్లేట్‌లెట్లు కూడా దిగుతాయి. వాటిలోనూ మైటోకాండ్రియా ఉంటుంది కాబట్టి లెక్క కలుషితమవుతుంది. మిల్లీలీటరు రక్తానికి దాదాపు 10 లక్షల కణాలు వస్తాయి. కడిగిన కణాల్లో ఎర్ర ఛాయ కనిపిస్తే ఎర్రకణాలు మిగిలినట్టే, వాటి ఎస్‌ఓడీ1 వల్ల రీడింగ్ పెరుగుతుంది.

తర్వాత ఐసు మీద సోనికేట్ చేసి పైరోగాలాల్ పరీక్ష రెండుసార్లు చేయండి. మామూలుగా ఒకసారి, పొటాషియం సయనైడ్ 3 మిల్లీమోలార్ కలిపి ఒకసారి. సయనైడ్ రాగి-జింకు ఎంజైమును ఆపేస్తుంది, మాంగనీస్ ఎంజైమును ముట్టదు. రెండో రీడింగే మీకు కావలసిన ఎస్‌ఓడీ2. దాన్ని మిల్లీగ్రాము ప్రొటీన్‌కు యూనిట్లలో రాయండి, హిమోగ్లోబిన్‌కు కాదు. పైరోగాలాల్‌ను 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఏ రోజుకారోజు కలుపుకోవాలి. ట్రిస్ బఫర్ పీహెచ్ 8.2, డీటీపీఏ 1 మిల్లీమోలార్ ఉండాలి, లేకపోతే నీళ్లలోని లోహాలే ఆక్సీకరణను తరుముతాయి. శాంపిల్ లేని బ్లాంక్‌లో 420 నానోమీటర్ల దగ్గర నిమిషానికి 0.02 పెరుగుదల ఉండేట్టు సరిచేసుకున్నాకే శాంపిల్స్ మొదలుపెట్టండి.

సయనైడ్ ఉన్న క్యువెట్ నీళ్లను, పైరోగాలాల్ ఆమ్లం పారబోసే సీసానూ ఎప్పుడూ కలపొద్దు. ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సయనైడ్ గాలి లేస్తుంది. సయనైడ్ వ్యర్థానికి క్షార గుణం ఉన్న వేరే సీసా పెట్టి, పైన పెద్దక్షరాలతో రాసి పెట్టండి. సూపర్‌వైజర్ పక్కన లేకుండా ఈ భాగం చేయకండి.

ఇక జీపీఎక్స్. ప్లాస్మాలో ఉండేది జీపీఎక్స్3. దాన్ని ఎక్కువగా తయారుచేసేది కిడ్నీనే. కిడ్నీ దెబ్బతింటే ప్లాస్మా జీపీఎక్స్ దానంతటదే పడిపోతుంది. జీన్ తక్కువ ఎంజైము చేసింది, దానివల్ల కిడ్నీ పోయింది అని రాస్తే కారణాన్నీ ఫలితాన్నీ తిరగేసినట్టవుతుంది. జీపీఎక్స్1 కావాలంటే ఎర్రకణాల్లో కొలవండి, అక్కడ ఉండేది అదే. 340 నానోమీటర్ల దగ్గర ఎన్‌ఏడీపీహెచ్ తగ్గుదల చూసే పద్ధతి. హీమోలైసేట్‌ను డ్రాబ్‌కిన్ ద్రవంతో కలిపి హిమోగ్లోబిన్‌ను సయన్‌మెట్ రూపంలోకి మార్చాలి, లేకపోతే హిమోగ్లోబినే పెరాక్సిడేజ్‌లా నటించి రీడింగ్ పెంచుతుంది. సోడియం అజైడ్ వేస్తే క్యాటలేజ్ అడ్డు తొలగుతుంది.

ఇంకో మాట. జీపీఎక్స్1 నడవాలంటే సెలీనియం కావాలి. దాని నడిబొడ్డున సెలీనోసిస్టీన్ ఉంటుంది. ల్యూసిన్ రకం ఉన్నవాళ్లలో సెలీనియం పెరిగినా యాక్టివిటీ అంతగా పెరగదని కనిపించింది. అందుకే సీరం సెలీనియం కొలవకుండా ప్రోలిన్/ల్యూసిన్ పోలిస్తే, తిండి తేడానే జీన్ తేడాగా కనిపించొచ్చు.

---

జెల్‌డాక్:

మేనరికం మీద నెట్టేయకండి. లెక్క చూద్దాం.

మీ కంట్రోల్స్‌లో వాలిన్ అల్లీల్ 54 + 18 = 72, మొత్తం 120లో 0.6. అలనిన్ 0.4. 60 మందిలో ఉండాల్సినవి 21.6, 28.8, 9.6. వచ్చినవి 27, 18, 15. ఈ తేడాను కొలిచే కై-స్క్వేర్ 8.44, హద్దు 3.84 (అది దాటితే యాదృచ్ఛికం అనుకోలేం). హెటిరోజైగోట్లు (రెండు వేర్వేరు అల్లీళ్లు ఉన్నవాళ్లు) 28.8 ఉండాల్సిన చోట 18 ఉన్నారు, అంటే లోటు 37.5 శాతం.

మేనమామ-మేనకోడలు పెళ్లిలో పుట్టిన బిడ్డకు అంతఃప్రజనన గుణకం 0.125. మేనత్త కొడుకుతోనో మేనమామ కొడుకుతోనో అయితే 0.0625. హెటిరోజైగోట్ల లోటు సగటున ఆ గుణకానికి సమానంగా ఉంటుంది. అంటే మీ 60 మందీ మేనమామ పెళ్లిళ్ల పిల్లలే అనుకున్నా లోటు సగటున 12.5 శాతమే రావాలి. 37.5 రావడానికి మేనరికం చాలదు. వేర్వేరు కులాల వాళ్లను, లంబాడీలను, చెంచులను కలిపి లెక్కేస్తే కొంత లోటు వస్తుంది, అది కూడా ఇంత రావాలంటే అల్లీల్ శాతాలు గుంపు గుంపుకీ విపరీతంగా మారాలి. కాబట్టి ముందు జెల్‌నే అనుమానించండి.

మీరు వాడే 107 ముక్కలో ఎన్‌గోఎం-4 కోసే చోటు సహజంగా ఉండదు. ప్రైమర్‌లో కావాలని ఒక బేస్ మార్చి ఆ చోటు పుట్టిస్తారు. అలనిన్ అల్లీల్ ఉంటేనే చోటు పూర్తవుతుంది, 89, 18 ముక్కలు వస్తాయి. వాలిన్ ఉంటే 107 అలాగే ఉంటుంది. 18 ముక్క జెల్‌లో కనిపించదు. అంటే మీరు తేల్చాల్సింది 107కీ 89కీ మధ్య తేడా. 2 శాతం మామూలు అగరోజ్ మీద ఆ రెండూ ఒకే లావు గీతలా కలిసిపోతాయి. హెటిరోజైగోట్‌కు రెండు గీతలు ఉండాల్సింది ఒక్కటిగా కనిపిస్తే, చూసేవాళ్లు అది కొంచెం పైన ఉందనుకుంటే వాలిన్/వాలిన్ అని, కింద ఉందనుకుంటే అలనిన్/అలనిన్ అని రాస్తారు. రెండు హోమోజైగోట్లూ (ఒకే అల్లీల్ జతగా ఉన్నవి) ఉబ్బి, మధ్యది కుంగుతుంది. మీ అంకెల తీరు అచ్చం అలాగే ఉంది.

10 లేదా 12 శాతం పాలీఅక్రిలమైడ్ జెల్ మీద నడపండి. అది లేకపోతే 4 శాతం హై-రిజల్యూషన్ అగరోజ్. 20 బేస్‌పెయిర్ల లాడర్ వేయండి, 100 లాడర్ ఇక్కడ పనికిరాదు. హెటిరోజైగోట్‌లో 107 గీత 89 కంటే చిక్కగా వస్తుంది, ఎందుకంటే పీసీఆర్ (డీఎన్ఏకు నకళ్లు పెంచే పద్ధతి) చివరి సైకిళ్లలో రెండు అల్లీళ్ల పోగులు జతకట్టిన హెటిరోడ్యూప్లెక్సులు కట్ కావు. అది చూసి కంగారుపడి వాలిన్/వాలిన్ అని రాయొద్దు.

ఈ పరీక్షలో ఇంకో గొయ్యి ఉంది. ఎంజైము సరిగ్గా కోయకపోయినా 107 మిగులుతుంది, వాలిన్ అల్లీల్ ఉన్నా 107 మిగులుతుంది. రెండూ చూపుకు ఒకటే. అలనిన్/అలనిన్ మనిషి డీఎన్ఏ సగమే కోయబడితే హెటిరోజైగోట్‌గా కనిపిస్తుంది. అందుకే సీక్వెన్సింగ్‌తో ఖాయం చేసుకున్న అలనిన్/అలనిన్ శాంపిల్ ఒకటి ప్రతి బ్యాచ్‌లోనూ వేయాలి. దాంట్లో 107 ఛాయ కనిపించిందంటే ఆ బ్యాచ్ మొత్తం పారేసి మళ్లీ కట్ చేయాలి. 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 10 పీసీఆర్ ప్రొడక్టు, 5 యూనిట్ల ఎంజైము, సరఫరాదారు బఫర్, 37 డిగ్రీలు, 4 గంటలు. ఎంజైము సీసాలో గ్లిసరాల్ సగం ఉంటుంది, కాబట్టి ఎంజైము మోతాదు రియాక్షన్ పరిమాణంలో పదో వంతు దాటొద్దు.

కేసులు ఒక రోజు, కంట్రోల్స్ ఇంకో రోజు కట్ చేశారా? అలా చేసి ఉంటే ఒక రోజు ఎంజైము మందగించిందంటే అదే జబ్బు సంబంధంలా కనిపిస్తుంది. రెండింటినీ ఒకే ప్లేటులో కలిపి, చూసేవాళ్లకు ఎవరిదేదో తెలియకుండా నంబర్లు వేయండి. పదిలో ఒక శాంపిల్ మళ్లీ చేయండి.

క్యాటలేజ్ సంగతి ఒక్క ముక్కలో తేలుతుంది. ఎస్‌ఎంఏ-1కు సరైన వేడి 25 డిగ్రీలు. 37 దగ్గర అది తొందరగా చచ్చిపోతుంది. కట్ కానిదంతా టీ అని లెక్కపడుతుంది. నిజానికి టీ అల్లీల్ ఏ జనాభాలోనైనా తక్కువే. ఎక్కువ మందికి టీటీ వచ్చిందంటే అక్కడే ఆగి అనుమానించాలి. గది వేడి 38 ఉంటే బెంచి మీద పెట్టినా అంతే, పీసీఆర్ మెషీన్‌లోనే 25 పెట్టి రెండు గంటలు ఉంచండి. సీసీకి 155, 30 రావాలి, టీటీకి 185, సీటీకి మూడూ.

పేర్ల గురించి కూడా ఒక మాట. మిగతా పేపర్లతో పోల్చేటప్పుడు ఒకే తేడాను వాలిన్16అలనిన్ అనీ, తోక తెగిన చోటు నుంచి వెనక్కి లెక్కించి అలనిన్ మైనస్ 9 వాలిన్ అనీ, సీ47టీ అనీ రాస్తారు. డేటాబేసులో ఏ/జీ అని ఉంటుంది, ఎందుకంటే ఎస్‌ఓడీ2 రివర్స్ పోగు మీద ఉంది: అక్కడి ఏ అంటే వాలిన్, జీ అంటే అలనిన్. జీపీఎక్స్1ను కూడా 197, 198, 200 అని మూడు అంకెలతో రాస్తారు, మూడూ ఒకటే. పట్టిక తయారుచేసేటప్పుడు ఇక్కడ తిరగబడితే రిస్క్ అల్లీల్ రక్షణ అల్లీల్‌గా మారిపోతుంది.

---

పాలమూరు_కిడ్నీవార్డు (మహబూబ్‌నగర్):

ల్యాబ్ సంగతి పైవాళ్లు వివరంగా చెప్పారు. కేసులూ కంట్రోల్సూ ఎవరన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

షుగర్ లేని మనిషిని కంట్రోల్‌గా పెడితే మీరు చూసేది షుగర్ వచ్చే గుణమా, షుగర్ వచ్చాక కిడ్నీ పోయే గుణమా తేలదు. కంట్రోల్ కూడా షుగర్ పేషెంటే కావాలి: కనీసం 10 ఏళ్లుగా షుగర్ ఉండి, పొద్దున మొదటి మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపల, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 60 పైన ఉన్నవాళ్లు. కేసుకు ఆ నిష్పత్తి 3 నుంచి 6 నెలల్లో చేసిన మూడు పరీక్షల్లో రెండింటిలోనైనా పెరిగి ఉండాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరి ఉన్న రోజు శాంపిల్ లెక్కలోకి తీసుకోవద్దు.

కంటి రెటీనా కూడా చూపించండి. షుగర్ ఉన్నంత మాత్రాన కిడ్నీ జబ్బు షుగర్ వల్లే అనుకోలేం. రెటీనా పూర్తిగా బాగుండి కిడ్నీ పాడైందంటే నొప్పి మాత్రలో, బీపీనో, వేరే కారణమో ఉండొచ్చు. అలాంటివాళ్లను కలిపితే మీ సంబంధం పలచబడుతుంది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఎర్రకణాల ఎంజైములు కొలవొద్దు. రక్తం ఎక్కించి ఉంటే ఆ కణాలు దాతవి, పేషెంటు జీనోటైప్‌కు వాటితో సంబంధం లేదు. ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో కొత్త ఎర్రకణాలు ఎక్కువ, లేత కణంలో ఎంజైములు ఎక్కువగా ఉంటాయి. కనీసం 4 నెలలుగా రక్తం ఎక్కించనివాళ్లనే ఎంజైము కొలతకు తీసుకోండి. జీనోటైప్ మాత్రం తెల్లకణాల డీఎన్ఏ నుంచి కాబట్టి అందరికీ చేయొచ్చు.

మీరు తీసుకున్న ప్రాంతానికి ప్రత్యేకంగా ఫ్లోరైడ్ ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషికీ నాగార్జునసాగర్ కృష్ణా నీళ్ల మీద పెరిగిన మనిషికీ ఆక్సీకరణ ఒత్తిడి ఒకేలా ఉండదు. తాగునీటి ప్రమాణం లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనప్పుడు హద్దు 1.5. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది కాబట్టి ఈ రోజు నీళ్లు కొలిస్తే సరిపోదు. ఏ ఊళ్లో ఎన్నేళ్లు బోరు నీళ్లు తాగారు, కృష్ణా నీళ్లు ఎప్పటి నుంచి, వంటకు ఏ నీళ్లు, పొలం దగ్గర ఏ నీళ్లు అని విడివిడిగా అడగాలి. మూత్రంలో ఫ్లోరైడ్ చూద్దామనుకుంటే జాగ్రత్త: కిడ్నీ పాడైనప్పుడు ఫ్లోరైడ్ బయటికి పోవడం తగ్గుతుంది, మూత్రంలో తక్కువ చూపిస్తుంది, రక్తంలో పేరుకుంటుంది. కేసులకు సీరం ఫ్లోరైడ్ కొలవడం మేలు. ప్లాస్టిక్ ట్యూబులే వాడండి, గాజు వద్దు.

ప్రశ్నావళి కూడా మన మాటల్లో ఉండాలి. “మందు తాగుతరా?” అంటే లేదంటారు, రోజూ కల్లు తాగేవాళ్లు కూడా. కల్లు విడిగా, ఎన్ని సీసాలు అని అడగండి. బీడీ, జర్దా, పొగాకు నమలడం కూడా అంతే. పత్తికి మందు కొట్టే పని చేస్తారా, ఈ వానాకాలంలో ఎన్నిసార్లు కొట్టారు, మూతికి గుడ్డ కట్టుకున్నారా అన్నది కూడా రాసుకోండి. నాటుమందులు, భస్మాలు వాడేవాళ్లు అడిగితేగానీ చెప్పరు.

---

నీలగిరి_ఎమ్మెస్సీ:

ధన్యవాదాలు సార్, అందరికీ. జెల్ మళ్లీ నడుపుతాను, ఎస్‌ఎంఏ-1 కూడా. మా దగ్గర మైనస్ 80లో ఉన్నవి మూడే: ప్లాస్మా, కడిగిన ఎర్రకణాలు, డీఎన్ఏ. తెల్లకణాలు దాచలేదు. షుగర్ కంట్రోల్స్‌ను కొత్తగా తీసుకోవడానికి ఎథిక్స్ కమిటీకి సవరణ పెట్టాలి. ఇప్పుడున్న వాటితో ఏం మిగుల్తుంది? అలాగే ఎంతమంది కావాలి?

---

చిట్యాల_పాఠకుడు:

మధ్యల అడుగుతున్నందుకు ఏమనుకోకుర్రి. మా నాయినకు షుగర్ ఉన్నది. ఉమ్మి పరీక్ష చేయిస్తే, “మీ ఎస్‌ఓడీ2 బలహీనం, యాంటీఆక్సిడెంట్ మాత్రలు వాడాలె” అని రిపోర్టు ఇచ్చిన్రు. విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సెలీనియం కలిపిన డబ్బా కూడా అంటగట్టిన్రు. ఆయన బీడీ తాగుతడు. వాడొచ్చునా?

---

బఫీకోట్:

అన్నా, ముందు మీకే చెప్తాను. బీడీ తాగే మనిషికి బీటా కెరోటిన్ మాత్రలు వద్దు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 1994లో వచ్చింది: బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. విటమిన్ ఇ, సెలీనియం మీద అమెరికా, కెనడాల్లో 35,000 మందికి పైగా మగవాళ్లతో జరిగిన పరీక్షలో, 2011లో వచ్చిన ఫలితాల ప్రకారం విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. డబ్బా పక్కన పెట్టి, డాక్టరుకు చూపించండి.

రిపోర్టులో “బలహీనం” అన్న మాట కూడా సరి కాదు. వాలిన్/వాలిన్ కోట్ల మందిలో ఉంటుంది, అది జబ్బు కాదు. షుగర్ ఉన్నవాళ్లలో వాలిన్ అల్లీల్‌కు కిడ్నీ దెబ్బతో కొంత సంబంధం జపాన్, ఫిన్లాండ్, స్వీడన్ పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. రొమ్ము క్యాన్సర్ మీద 1999లో వచ్చిన ఒక పరిశోధనలో మాత్రం అలనిన్ రకానికే రిస్క్ ఎక్కువ కనిపించింది. సూపర్ ఆక్సైడ్‌ను గబగబా పెరాక్సైడ్‌గా మారిస్తే, ఆ పెరాక్సైడ్‌ను తీసేసే క్యాటలేజ్, జీపీఎక్స్ కూడా అదే ఊపు మీద ఉండాలి కదా. ఒక్క జన్యువు చూసి బలహీనం, బలం అని ముద్ర వేయడం కుదరదు. మీ నాయినకు నిజంగా పనికొచ్చేది బీడీ మానడం, బీపీ, షుగర్ అదుపు, ఏటా మూత్రంలో అల్బుమిన్ పరీక్ష.

ఒక్క జన్యువే జబ్బు తెచ్చే సందర్భాలు ఉన్నాయి, అవి వేరు. జపాన్‌లో తకహారా అనే చెవి-ముక్కు-గొంతు డాక్టరు 1948లో ప్రచురించిన కేసు చూడండి: ఒక పిల్లకు నోటి పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ రాలేదు, రక్తం నల్లబడింది. క్యాటలేజ్ దాదాపు లేకపోవడమే కారణం. హంగరీలో క్యాటలేజ్ తక్కువున్న కుటుంబాల్లో షుగర్ ఎక్కువగా కనిపించింది.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరిది జీ6పీడీ అనే ఎంజైము లోపం. ఎర్రకణంలో గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికొచ్చేలా చేయాలంటే ఎన్‌ఏడీపీహెచ్ కావాలి, అక్కడ దాన్ని ఇచ్చేది ఈ ఎంజైమే. జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది, కాబట్టి మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. మన దేశంలో మెడిటరేనియన్, కేరళ-కళ్యాణ్, ఒరిస్సా అనే మూడు రకాలు ముఖ్యం. ఒరిస్సా రకం గిరిజనుల్లో ఎక్కువ. అమ్రాబాద్, దేవరకొండ వైపు శాంపిల్ తీసుకునేవాళ్లు దీన్ని మరవొద్దు, ఎందుకంటే జీ6పీడీ లోపం ఉన్నవాళ్లలో ఎర్రకణాల ఆయుష్షు తగ్గితే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. షుగర్ లేదనో, అదుపులో ఉందనో పొరబడతారు. పరగడుపు షుగర్‌తో పొంతన లేని హెచ్‌బీఏ1సీ కనిపిస్తే జీ6పీడీ చేయించండి. హిమాలిసిస్ జరిగిన వెంటనే మాత్రం చేయించొద్దు, లేత కణాల్లో ఎంజైము ఎక్కువుండి నార్మల్ అని వస్తుంది.

నీలగిరి గారూ, ఇక మీ మైనస్ 80 సంగతి. కడిగిన ఎర్రకణాల నుంచి క్యాటలేజ్, జీపీఎక్స్1 రెండూ చేయొచ్చు. ఒకసారి కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు, కరిగించిన రోజే రెండూ పూర్తిచేయండి. క్యాటలేజ్‌కు 50 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 7.0, 10 మిల్లీమోలార్ పెరాక్సైడ్. పాత సీసా పెరాక్సైడ్ బలం తగ్గిపోయి ఉంటుంది, కాబట్టి లేబుల్ నమ్మకుండా 240 దగ్గర చూసుకోండి: 10 మిల్లీమోలార్ అయితే 0.436 రావాలి. ఎస్‌ఓడీ2 యాక్టివిటీ ఈ శాంపిల్స్‌తో కాదు. దాన్ని లక్ష్యాల్లోంచి తీసేసి జీనోటైప్ ఒక్కటే ఉంచండి. కొత్త కంట్రోల్స్‌కు, వీలైన కేసులకు రెండో ట్యూబు హెపారిన్‌లో తీసుకోండి. ఆ హెపారిన్ ట్యూబు నుంచి డీఎన్ఏ తీయొద్దు, హెపారిన్ ట్యాక్ పాలిమరేజ్‌ను అడ్డుకుంటుంది. డీఎన్ఏకు ఈడీటీఏ, కణాలకు హెపారిన్.

---

జెల్‌డాక్:

ఎంతమంది అన్న ప్రశ్నకు లెక్క. వాలిన్/వాలిన్ కంట్రోల్స్‌లో 36 శాతం అనుకుందాం, మీ అల్లీల్ శాతం ప్రకారం రావాల్సింది అదే (జెల్ సరిచేశాక మారితే మళ్లీ లెక్కించండి). 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 0.05 హద్దు (లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం). ఆడ్స్ రేషియో (ఆ జీనోటైప్ ఉన్నవాళ్లకు జబ్బు అవకాశం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.5 పట్టుకోవాలంటే కేసులు దాదాపు 400, కంట్రోల్స్ 400 కావాలి. 60కి 60తో పట్టుకోగలిగింది 2.8 పైన ఉంటేనే. ఇలాంటి సాధారణ తేడాలకు ఆడ్స్ రేషియో మామూలుగా 1.1 నుంచి 1.6 మధ్యనే ఉంటుంది. కాబట్టి మీ ప్రాజెక్టులో సంబంధం కనిపించకపోతే “సంబంధం లేదు” అని రాయొద్దు, “2.8 కంటే చిన్న ప్రభావాన్ని ఈ సంఖ్యతో చూడలేం” అని రాయండి. 3 పైన వచ్చినా సంబరపడొద్దు, చిన్న శాంపిల్‌లో పైకి తేలేవి ఎక్కువగా ఉబ్బిన అంకెలే.

మూడు తేడాలు, ఒక్కోదానికి డామినెంట్, రిసెసివ్, అడిటివ్ అని మూడు నమూనాలు పెడితే తొమ్మిది పరీక్షలు. అన్నీ స్వతంత్రం అనుకుంటే, నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా ఏదో ఒకటి 0.05 లోపల పడే అవకాశం 37 శాతం. ఒక్క అడిటివ్ నమూనానే (అల్లీల్ ఒక్కొక్కటి పెరిగేకొద్దీ ప్రభావం పెరుగుతుందనేది) ముందుగా ఎంచుకొని, శాంపిల్స్ తెరవకముందే గైడ్‌తో సంతకం పెట్టించుకోండి. అప్పుడు మూడు పరీక్షలే, హద్దు 0.017.

ఎమ్మెస్సీ గడువులో 400 మంది దొరకరు. అందుకే ఎథిక్స్ సవరణలో డీఎన్ఏ దాచి, తర్వాత వేరే కాలేజీల శాంపిల్స్‌తో కలిపి చూడటానికి అనుమతి కూడా అడగండి. సమ్మతి పత్రంలో ఆ వాక్యం తెలుగులో విడిగా ఉండాలి, తండాల్లో లంబాడీ భాషలో చదివి వినిపించి సాక్షి సంతకం తీసుకోవాలి. ఇప్పటికే సంతకం పెట్టిన 120 మంది పత్రాల్లో ఆ వాక్యం లేకపోతే వాళ్ల డీఎన్ఏ వేరే ప్రాజెక్టుకు ఇవ్వడం కుదరదు, మళ్లీ అడగాల్సిందే. ఫాలో-అప్‌కు వచ్చే రోజు ఓపీ చీటీ మీద గుర్తు పెట్టించుకుంటే పని తేలికవుతుంది.